మామ బుల్లెట్టు అమ్మిన ఏడు

మా చిన్నప్పుడు ఉద్దనపల్లి కూడలిలో ఏ బండి వస్తున్నదీ చూడకుండానే చెప్పేవాళ్లం. హోసూరు నుంచి రాయకోటకు పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. అక్కడే ఒక దారి కెలమంగలానికి, ఇంకొకటి సూళగిరికి చీలుతుంది. ఏ దిక్కు నుంచి వచ్చిన బండైనా అక్కడ గేరు తగ్గించాల్సిందే. ఆ చప్పుడును బట్టి అది టమాటా లారీనా, సర్కారు బస్సా, ఎవరిదో జీపా అని చింతపిక్కలు పందెం కాసేవాళ్లం. మామ బుల్లెట్టు మీద మాత్రం పందెం చెల్లదు. అది చెరువు కట్ట మీద ఉండగానే ఊరికంతా తెలిసిపోయేది. సంగటి వేడిగా ఉంటేనే కొడుకు తింటాడని మా అవ్వ ఆ చప్పుడు విన్నాకే ఎసట్లో పిండి పోసేది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. రాయకోట మండికి టమాటా తోలే వ్యాపారం ఆయనది. అప్పటికి మాది ధర్మపురి జిల్లా; కృష్ణగిరి వేరుపడింది 2004లో. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సాయంత్రం రేడియోలో బెంగుళూరు నుంచి కన్నడ పాటలు. మామ మూడు భాషల్లోనూ బేరమాడేవాడు. బుల్లెట్టును మాత్రం తెలుగులోనే తిట్టేవాడు.

అది కొత్తగా కొన్న బండి కాదు. ఎప్పుడో పోలీసు శాఖ వేలం వేస్తే ఎవరో పాడుకున్నారట. వాళ్ల దగ్గర ఇంకెవరో కొని, ఎన్ని చేతులు మారిందో ఏమో, చివరకు మా ఇంటికి చేరింది. దాని పూర్వచరిత్ర నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. సరిహద్దు గస్తీకి గట్టి మోటారు సైకిలు కావాలని సైన్యం వెతికితే ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు కుదిరింది. రెడ్డిచ్ అనే ఊళ్లోని ఆ కంపెనీతో మద్రాస్ మోటార్స్ వాళ్లు 1955లో పొత్తు కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో విడిభాగాలు ఓడల్లో వచ్చేవి. తర్వాత అన్నీ తిరువొత్తియూరులోనే తయారయ్యాయి. 1970కల్లా ఇంగ్లండులో ఆ పేరుతో మోటారు సైకిళ్లు చేయడం ఆగిపోయింది. మద్రాసులో మాత్రం అదే బండి, దాదాపు అదే రూపంలో, వస్తూనే ఉంది. అంటే మామ నడిపే నాటికే అది పాతకాలపు బండి. ఆ మాట మా ఊళ్లో ఎవరూ అనలేదు. మోటారు సైకిలంటే అట్లనే ఉంటుందని అనుకున్నాం.

దాని ముఖం ఇప్పటికీ గీసి చూపించగలను. పెద్ద దీపం, దానికి రెండు పక్కలా పులికండ్లలాగా చిన్న దీపాలు. దీపం వెనక ఇనుప గిన్నెలో స్పీడు చూపే ముల్లు, దాని పక్కన కరెంటు చూపే ఇంకో బుల్లి ముల్లు. నల్లటి ట్యాంకు మీద బంగారు గీతలు. ఆ గీతలు ఫ్యాక్టరీలో మనుషులు కుంచె పట్టుకొని చేత్తో గీసినవని మాకు తెలియదు కానీ, మామ ట్యాంకు మీద ఒక గీత సన్నబడి మళ్లీ లావయ్యే చోటు ఒకటుంది. అక్కడ వేలు పెట్టి రాయడం నాకు అలవాటు.

పొద్దున్నే దాన్ని కదిలించడం ఒక తతంగం. పెద్ద సింగిల్ సిలిండరు బండ్లన్నిటిదీ ఆ రోజుల్లో అదే తీరు. బలంతో తంతే లేవదు, ఒడుపు తెలియాలి. తాళం తిప్పి, కిక్కర్ను మెల్లగా తొక్కుతూ పోతే ఒకచోట కాలికి అడ్డం తగులుతుంది. పిస్టను పైకి వచ్చిందని అర్థం. అప్పుడు ఎడమచేతి దగ్గరి చిన్న మీట నొక్కి పట్టి, లోపలి ఒత్తిడి వదిలించి, కిక్కర్ను ఇంకొంచెం దించాలి. దించుతూ ఆ కరెంటు ముల్లును చూడాలి. అది సరిగ్గా నడిమికి వచ్చిన క్షణాన మీట వదిలి, కిక్కర్ను పైకి రానిచ్చి, ఒక్క తన్ను. ముల్లు చూడటం నా ఉద్యోగం. "వచ్చె మామా!" అని నేను అరవాలి. నేను తొందరపడి అరిచినా, టైమింగు తప్పి ఉన్నా, కిక్కరు ఎదురు తన్నేది. ఆ దెబ్బకు మామ చీలమండ వాచి, ఆముదం పూసి గుడ్డ కట్టుకుని తిరిగిన రోజులున్నాయి. ఈలోగా అరుగుల మీద జనం చేరేవాళ్లు. సలహా ఇవ్వనివాడు లేడు. సైకిలు కూడా తొక్కడం రాని మా ఎదురింటి తాత "చోకు వెయ్యిరా, చోకు" అనేవాడు.

లేవని రోజున కెలమంగలం నుంచి మెకానిక్ భాయిని పిలిపించేవాళ్లు. ఆయన వచ్చి ముందు టీ తాగేవాడు. తర్వాత సిగరెట్టు పెట్టెలోంచి పలుచటి కాయితం చింపి, పాయింట్ల సందున పెట్టి, వెనక చక్రాన్ని గేర్లో వేసి కొంచెం కొంచెంగా తిప్పేవాడు. కాయితం వదులై జారిన చోటే నిప్పురవ్వ పుట్టే చోటు. దాన్ని బట్టి టైమింగు కట్టేవాడు. పాయింట్లు మసి పట్టి ఉంటే అగ్గిపెట్టె పక్క గీసే పట్టీతోనే రుద్దేవాడు. బండి లేచాక స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకొని కండ్లు మూసుకునేవాడు. ట్యాపెట్టు వదులా, గొలుసు వదులా అన్నది ఆయనకు అట్లా వినబడేది. ఒకసారి నన్నూ వినమన్నాడు. నాకు పెద్ద రొద తప్ప ఏమీ తెలియలేదు. "అయితే నువ్వు బాగా చదువుకోవాల," అన్నాడు ఉర్దూ యాసలో. అది ఆశీర్వాదమో ఎగతాళో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ బండి మీద నాకు దక్కిన గొప్ప రాత్రి ఒకటుంది. హోసూరులో రెండో ఆట సినిమా చూసి మామ, నేను వస్తున్నాం. సానమావు అడివి పక్కన రోడ్డు మలుపులో మామ ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. ముందు ఏనుగులు. 1980లలో వానలు తప్పిన ఏండ్లలో మా వైపు అడవుల నుంచి కొన్ని మందలు ఆంధ్రలోకి, కుప్పం వైపు దాటిపోయాయి; వాటికోసమే 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం వచ్చింది. మిగిలినవి రాగి పంట చేతికొచ్చే కాలానికి సానమావుకు ఇప్పటికీ వస్తాయి. మామకు చిక్కేమిటంటే, ఇంజను ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఆపకపోతే చప్పుడు. ఆ ఆరు వోల్టుల దీపానికి ఒక గుణముంది: ఇంజను వేగంగా తిరిగితే వెలుగు, నిదానిస్తే అదీ మసకబారుతుంది. యాక్సిలరేటరు తిప్పడానికి ధైర్యం లేదు. పసుప్పచ్చగా మినుకుమంటున్న దీపంలో మాకు కాళ్లే కనబడుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి రోడ్డు దాటుతున్న కాళ్లు. కింద బుల్లెట్టు దుగ్ దుగ్ మంటోంది. ఏ దుగ్గుకు ఏది తిరిగి చూస్తుందోనని నేను మామ చొక్కాలో ముఖం దూర్చాను. అవి మమ్మల్ని లెక్కచేయలేదు. చివరిది దాటిపోయాక కూడా మామ చాలాసేపు కదల్లేదు. కదిలాక మొదటి మాట: "మీ అమ్మకు చెప్పొద్దు."

సరే, ఆ బండి పోయిన కథకు వస్తాను. 1980లో హోసూరు మారింది. ఆ ఏడే అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆ ఏడే టీవీఎస్ 50 బయటికొచ్చింది. మా ఊళ్ల బతుకును నిజంగా మార్చింది ఆ చిన్న మోపెడ్డే. అనపకాయల మూట, మేకపిల్ల, పాలక్యాన్లు, పెండ్లాం పిల్లలు, అన్నీ దాని మీదే. రౌతుకు దర్జా ఉండదు, జేబుకు బరువుండదు. 1984లో టీవీఎస్ వాళ్లు జపాను సుజుకీతో కలిసి అదే హోసూరులో వంద సీసీ మోటారు సైకిలు మొదలుపెట్టారు. మా పినతండ్రి కొడుకు ఒకడికి ఆ ఫ్యాక్టరీలోనే పని దొరికింది. ఆదివారం నాడు వాడు ఒక ఇండ్-సుజుకీ తెచ్చి మామ ముందర చేత్తో కిక్కర్ను నొక్కి స్టార్టు చేసి చూపించాడు. కాలితో కాదు, చేత్తో! మామ ఏమీ అనలేదు. బుల్లెట్టు వైపు ఒకసారి చూశాడు, తన చీలమండ వైపు ఒకసారి చూసుకున్నాడు.

మరుసటేడు బుల్లెట్టు అమ్మేశాడు. సేలం వైపు నుంచి వచ్చిన మనిషి బేరమాడి తీసుకుపోయాడు. వచ్చిన డబ్బు కొత్త బండి ధరలో సగానికి కూడా చాలలేదు. ఇలాంటి చోట రాసేవాళ్లు పిల్లలంతా రోడ్డు చివరిదాకా ఏడుస్తూ పరుగెత్తారని రాస్తారు. మేం ఏడవలేదు. కొత్త సుజుకీ మీద ముందు ఎవరు ఎక్కాలని కొట్టుకున్నాం. అవ్వ ఒక్కతే ఇబ్బంది పడింది, కొడుకు వచ్చేది ముందుగా తెలియక సంగటి చల్లారిపోతోందని.

ఇప్పుడు నా తమ్ముడి కొడుకు దగ్గర క్లాసిక్ 350 ఉంది. 2021లో కొత్త ఇంజనుతో వచ్చిన రకం. పులికండ్లు అవే, కన్నీటిచుక్క ఆకారపు ట్యాంకు అదే, గుండ్రటి పక్క డబ్బాలు అవే. లోపల మాత్రం వేరే లోకం. మామ బండి ఇంజను ఒకచోట, గేరుపెట్టె వేరొకచోట. సిలిండరు 70 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. కొత్తదానిలో ఇంజనూ గేర్లూ ఒకే డొప్పలో ఉంటాయి; వెడల్పు 72, నడక 85.8. అప్పుడూ ఇప్పుడూ అటూ ఇటుగా 350 సీసీయే. కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, కుడికాలి గేరు ఎడమకాలికి మారింది, చక్రాలకు ఏబీఎస్ వచ్చింది. ఇంకొంచెం దూకుడు కావాలనుకున్నవాళ్లకు అదే కంపెనీ 2018లో రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ 650 తెచ్చింది. అదీ 1960ల నాటి పేరే, 1960ల నాటి వాలకమే. పాత ఇంగ్లీషు పేర్లకు మా వైపు గాలి బాగా పడినట్టుంది: 1898లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన నార్టన్‌ను 2020లో కొన్నది మా టీవీఎస్ వాళ్లే.

క్లాసిక్ ఉన్న ఆ తమ్ముడి కొడుకే హోసూరులో ఒక బండ్ల ఫ్యాక్టరీలో చప్పుడూ వణుకూ కొలిచే విభాగంలో పని చేస్తాడు. ఇట్లాంటి ఉద్యోగం ఒకటుంటుందని భాయికి చెబితే నవ్వేవాడు. ఒకే సిలిండరులో అంత పిస్టను కిందికీ పైకీ పోతుంటే బండి వణకక తప్పదు. దానికి ఎదురు తిరిగే బరువును ఒక ఇరుసు మీద బిగిస్తే వణుకు చాలావరకు అణుగుతుంది. క్లాసిక్‌లో అదే చేశారని వాడు వివరించాడు. "మరి మొత్తంగా తీసెయ్యొచ్చు గదరా?" అన్నాను.

"తీసేస్తే ఎవురు కొంటారు పెదనాయనా? కొంచెం ఉంచాల."

గుంతల రోడ్డు మీద మామ నడుము పట్టేయించిన వణుకు అది. ఇప్పుడు దాన్ని కొలిచి, ఇంత అని తూచి, పిల్లల చేతికిస్తున్నారు. నాకు కోపమేమీ లేదు. తూచి ఇవ్వడం చేతగావాలన్నా లోపల గొప్ప పనితనం ఉండాలి. పాత బండి మీద లేని ప్రేమను ఇప్పుడు అరువు తెచ్చుకొని, "మా కాలంలో బండ్లంటే బండ్లు" అనే నా ఈడువాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. వాళ్లలో సగం మంది నాతోపాటు సుజుకీ ఎక్కడానికి కొట్టుకున్నవాళ్లే.

కూడలి ఇప్పుడు వినడానికి పనికిరాదు. దగ్గర్లోనే ఐఫోన్ భాగాలు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ వచ్చింది. షిఫ్టు మారే వేళ బస్సులే బస్సులు. ఊరి చుట్టుపట్ల పొలాలు సర్కారు పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్‌కు ఇవ్వబోమని 2023లో రైతులు రోజుల తరబడి కూర్చున్నారు. మామ కూడా పోయి కూర్చొని వచ్చాడు.

మామకు డెబ్బై దాటాయి. మొన్న సంక్రాంతికి నా తమ్ముడి కొడుకు ఆయన్ను క్లాసిక్ మీద కూర్చోబెట్టాడు. కూర్చోగానే కుడికాలు గేరు కోసం వెతికింది, ఎడమకాలు బ్రేకు కోసం వెతికింది. రెండూ దొరకలేదు. తర్వాత వంగి చూశాడు.

"కిక్కరేదిరా?"

"లేదు తాతా. స్విచ్చి నొక్కితే సరి."

నొక్కాడు. లేచింది. మామ కొంచెంసేపు విని, తల ఊపి, నన్ను వెనక్కి జరగమని చెప్పి తాను దిగాడు. తమ్ముడి కొడుకు నడిపితే వెనక కూర్చొని రాయకోట రోడ్డులో కొంత దూరం పోయి వచ్చాడు. ఏమంటాడోనని ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి ఉన్నాం.

"ఎంతిస్తుంది?"

"లీటరుకు ముప్పై అయిదు తాతా."

"ఎంతకు కొన్న్యావు?"

వాడు చెప్పాడు. రెండు లక్షల పైమాట.

మామ సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూశాడు. "బండి బాగానే ఉండాది," అన్నాడు. "నా సుజుకీ అరవై ఇచ్చేది. అట్లాంటిది ఇప్పుడు యాడన్నా దొరికితే చూడరా, రేటు ఎంతైనా కొందాం."