పెద్ద డాక్టరే చొక్కా చేయి మడిచాడు!

కాట్పాడి జంక్షన్‌లో రైలు ఆగగానే ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని దిగేవాళ్లు కనిపిస్తారు. నెల్లూరు, కడప, చిత్తూరు యాసలు... మధ్యమధ్య బెంగాలీ. ఆటోవాలా ఎక్కడికని అడగడు. ‘సీఎంసీయేనా?’ అంటాడంతే. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి అది. చిత్తూరు వైపు పాతతరం వాళ్లకు మాత్రం ఇప్పటికీ ‘రాయవేలూరు ఆసుపత్రే’!

ఊరి నడుమ నీళ్ల కందకంతో చక్కటి కోట ఉంది. లోపల జలకంఠేశ్వరుడి గుడి, మసీదు, 1846 నాటి సెయింట్ జాన్స్ చర్చి... మూడూ ఉన్నాయి. తీరిగ్గా చూడాలి. కానీ రోగిని వెంటబెట్టుకొచ్చిన వాళ్లకు తీరికేదీ? ఆసుపత్రి, లాడ్జి, మెస్సు... అదే వాళ్ల వేలూరు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఇంకో బెంగ మొదలవుతుంది. రక్తం ఎవరివ్వాలి? అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బావమరిదికి ఉన్నట్టుండి షుగర్ గుర్తొస్తుంది!

ఈ భయానికి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది.

ఆసుపత్రి పెట్టింది ఐడా స్కడర్. అమెరికన్ మిషనరీ డాక్టరు కూతురు. ఆమె యువతిగా ఉన్నప్పుడు తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు తలుపు తట్టారు. ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, మరో హిందువు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. మగ డాక్టరు వద్దన్నారు. ఐడాకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురూ పోయారు. ఆ దెబ్బతో ఆమె అమెరికా వెళ్లి డాక్టరై తిరిగొచ్చి, 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కడో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని కనిపెడుతున్నాడు. 

గ్రూపులు తెలిస్తే సరిపోతుందా? ఇచ్చేవాళ్లు కావద్దూ! కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి పేరు తెచ్చుకున్న డాక్టర్ పాల్ బ్రాండ్ చాలాకాలం ఇక్కడే పనిచేశారు. ‘ఇన్ హిజ్ ఇమేజ్’ (1984) అనే పుస్తకంలో ఆయనో ముచ్చట రాశారు. అమెరికా నుంచి రీవ్ బెట్స్ అనే ఛాతీ సర్జన్ వచ్చిన కొత్త. ఒక అమ్మాయికి ఊపిరితిత్తి ఆపరేషన్. రక్తం కావాలన్నారు. కొనుక్కొస్తామన్నారు. (రక్తం అమ్మకం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. అప్పట్లో మామూలే.) మీరే ఇవ్వండి అంటే పెద్దలంతా కూర్చుని మంతనాలాడారు. చివరికి అందరిలోకీ బక్కపల్చటి ఆడమనిషిని ముందుకు తోశారు! దిట్టంగా ఉన్న మగాళ్లంతా వెనకే నిలబడ్డారు. బెట్స్‌కు ఒళ్లు మండింది. చొక్కా చేయి మడిచి, ‘నా రక్తం తీయండి’ అని పడుకున్నాడు. పెద్ద డాక్టరే రక్తం ఇస్తున్నాడన్న మాట వరండా అంతా పాకిపోయింది. 

ఆ మనిషి అప్పుడు బైబిల్ వాక్యమేమీ చదవలేదు. కానీ సీఎంసీ నినాదం గుర్తుకు రాక మానదు. సేవ పొందడం కాదు, చేయడం ముఖ్యమన్న ఆ భావం మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ఒక వచనం నుంచి తీసుకున్నది. అయితే నినాదంలోకి వచ్చింది సగమే. అనేకుల కోసం ప్రాణం ధారపోయడం గురించి చెప్పే మిగతా సగం బ్లడ్‌బ్యాంకు మంచం దగ్గర అర్థమవుతుంది. చర్చిలో క్రీస్తు రక్తం గురించి గొంతెత్తి పాడటం తేలికే. సూది ముందు చేయి చాపడమే కష్టం. పైగా ఇచ్చిన రక్తం మనవాళ్లకే ఎక్కుతుందని లేదు. సంచి మీద ఉండేది నంబరు, గ్రూపు, తేదీలు. అది ఏ మతం వాళ్లకు ఎక్కుతుందో ఇచ్చినవాళ్లకు తెలిసే దారి లేదు. తిండివనం తలుపు దగ్గరకు ముగ్గురూ వచ్చినట్టే! అన్నట్టు, అదే బైబిల్ చదివి రక్తం ఎక్కించుకోకూడదనే యెహోవా సాక్షులూ ఉన్నారు. 

మన ఊళ్లలోనూ గుడ్‌ఫ్రైడేకి రక్తదాన శిబిరాలు పెట్టే చర్చిలున్నాయి. అక్కడో చిక్కుంది. ఆ రోజు చాలామందికి ఉపవాసం. మధ్యాహ్నం మూడింటి దాకా ఏడు మాటల ఆరాధన. ఖాళీ కడుపుతో రక్తం ఇస్తే కళ్లు తిరుగుతాయి. ఉపవాసమా, దానమా? సూది పొడిపించుకునే ముందు నాలుగు ఇడ్లీలు తినడం భక్తికి తక్కువేమీ కాదని నాకనిపిస్తుంది. మనసొప్పకపోతే మరో రోజు ఇవ్వొచ్చు. అసలు అందరూ ఒకే శుక్రవారం ఇవ్వడం కన్నా అదే మేలేమో! ప్లేట్‌లెట్లు నిలవుండేది ఐదు రోజులే. ఎర్రకణాలైతే మహా అయితే 42 రోజులు. ఈస్టర్ సందడి అయిపోయాక మే నెల వస్తుంది. కాలేజీలకు సెలవులు. శిబిరాలు తగ్గిపోతాయి. ప్రమాదాలు, కాన్పులు మాత్రం ఆగవుగా! నెలకో ఆదివారం పదిమంది చొప్పున పేర్లు రాయించుకునే పాస్టరుగారుంటే బ్లడ్‌బ్యాంకు వాళ్లు ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు.

వేలూరు వెళ్లేవాళ్లకు చివరిగా... పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే రక్తం ఇవ్వొచ్చు. మిగతా ఆరోగ్యం సంగతి అక్కడే పరీక్షించి చెబుతారు. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. ముందురోజు బాగా నిద్రపోండి, పొద్దున్నే టిఫిన్ తినండి. గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి. బావమరిదిని కూడా తీసుకెళ్లండి.