పాత కారు చక్రం

పాత కారు చూడ్డానికి వెళ్తే అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. నేను చక్రాల దగ్గర గొంతుక్కూర్చుంటాను. ఆ కారును ఇంతకాలం ఎలా చూసుకున్నారో అల్లాయ్ వీల్ దాచకుండా చెబుతుంది.

ముందు చక్రాలు వెనకవాటికన్నా నల్లగా ఉంటాయి. బ్రేకు భారంలో ఎక్కువ పాలు వాటిదే. బ్రేకు తొక్కిన ప్రతిసారీ డిస్కునుంచి, ప్యాడ్లనుంచి కాగిన ఇనుప రజను ఎగిరి చక్రం మీది లాకరు పూతలో గుచ్చుకుంటుంది. తడి తగిలాక తుప్పు పట్టి గోధుమరంగు చుక్కలవుతుంది. సబ్బునీళ్లకు మట్టి పోతుంది గాని ఈ చుక్కలు పోవు. వీటికి ఐరన్ రిమూవర్ వాడాలి. అందులోని థయోగ్లైకొలేట్ ఇనుముతో కలవగానే ఊదారంగు చారలుగా కారుతుంది. శుభ్రంగానే ఉందనుకున్న చక్రంలోంచి అంత ఇనుము దిగడం ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. చక్రం చల్లారాక, నీడలోనే చల్లాలి, ఆరిపోకముందే కడిగెయ్యాలి. బాత్రూము యాసిడ్ మాత్రం దయచేసి పొయ్యకండి. మురికితోపాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది.

విశాఖ బీచ్ రోడ్డు చుట్టుపక్కల తిరిగే పాత కార్లకు ఇంకో జబ్బుంది. రాయి తగిలి లాకరు కాస్త లేచిందంటే చాలు, ఉప్పు తేమ దాని కిందికి దూరుతుంది. గోడ మీద చెదల బాటలాగ తెల్లటి గీతలు పూత అడుగునే పాకుతాయి. ఏ పాలిష్‌కీ ఇవి లొంగవు. టైరు విప్పించి, పాత పూత తీసేసి, 240 నంబరు వాటర్ పేపర్‌తో, తరవాత 400తో రుద్దాలి. రుద్దిన రోజే ప్రైమరు పడాలి. ఆపైన రంగు, లాకరు.

డైమండ్ కట్ చేయిద్దామని షాపుల్లో అంటారు. లేతు మీద చక్రం ముఖాన్ని సన్నగా చెక్కి మెరిపించే పద్ధతి అది. అందంగానే ఉంటుంది. కాని చెక్కినప్పుడల్లా కొంత లోహం పోతుంది. మెరిసే ఆ భాగానికి లాకరు తప్ప వేరే కాపు లేదు. సముద్రపు ఊళ్లో పాత కారుకు మామూలు వెండిరంగే మేలంటాను.

అసలు అల్లాయ్ వీల్ అలంకారంగా పుట్టలేదు. 1924లో బుగాటి టైప్ 35 రేసు కారు ఎనిమిది బల్లపరుపు ఆకులున్న అల్యూమినియం చక్రాలతో వచ్చింది. బ్రేకు డ్రమ్మును కూడా చక్రంలో కలిపే పోతపోశారు. బరువు తగ్గాలి, బ్రేకు వేడి త్వరగా పోవాలి, అదీ ఉద్దేశం. అందుకే, టైరు ఎలాగూ విప్పారు గనక, పైమెరుపు సంగతి కాసేపు పక్కనపెట్టి లోపలివైపు చూడండి. టైరు అంచు కూర్చునే చోట తుప్పు పొక్కులుంటే గాలి మెల్లగా దిగిపోతుంది. మనం పాపం వాల్వును అనుమానిస్తాం. హబ్బు ఉక్కు, చక్రం అల్యూమినియం కావడంతో తడికి రెండూ తుప్పుతో కరుచుకుపోతాయి. అక్కడ వైరు బ్రష్షుతో శుభ్రం చెయ్యాలి. బ్యాలెన్సింగ్ చేయించి బిగించేటప్పుడు నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించమనండి. వంద కిలోమీటర్లలోపు మరోసారి సరిచూసుకోండి.

గుంతల్లో పడి లోపలి అంచున సన్నటి పగులు వచ్చి ఉంటే, వెల్డింగ్ చేసి రంగేస్తే కనపడదని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం తగ్గిపోతుంది. సెకండ్ హ్యాండ్‌దైనా సరే, పగులు లేని మరో చక్రం కొనుక్కోండి.