గిన్నెలు మోగిన వేళ

భిలాయిలో పవర్ హౌస్ రైల్వే స్టేషన్ సమీపాన నివసించే మాకు నేల అదరడం కొత్త కాదు. గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు మోగుతూనే ఉంటాయి.

1997 మే 22 తెల్లవారుజామున నాలుగు గంటలు దాటాక గిన్నెలు మోగాయి. "గూడ్సు బండే, పడుకోండి" అని పిల్లలను సముదాయించాము. కానీ బండి చప్పుడు వినబడలేదు. అప్పటికే అమ్మ పసిదాన్ని ఎత్తుకొని వాకిట నిలిచి, మమ్మల్ని కేకలు వేస్తోంది. 1969 నాటి భద్రాచలం భూకంపాన్ని ఎరిగిన మనిషి ఆమె.

అది జబల్‌పూర్ భూకంపమని, అక్కడ పలువురు మరణించారని తరువాత తెలిసింది. దాని తీవ్రత 5.8.

సునామీ గురించి 2007 నుండి హైదరాబాదు కేంద్రం ముందుగా హెచ్చరిస్తోంది. భూకంపానికి ఆ వ్యవధి లేదు. అందుకే నేటికీ గిన్నెలు మోగితే, బండి చప్పుడు వినబడేదాకా మేము వాకిటనే నిలబడతాము.