బల్లికి కట్టిన ఇల్లు

గుడివాడ చుట్టుపక్కల పశువైద్యం అంటే ముప్పాతిక వంతు గేదెలే. చూలు పరీక్షలు, పొదుగువాపులు, ఈనిన మర్నాడు లేవలేని పాడిగేదెలు. మిగతా పావు వంతులో మేకలు, నాటుకోళ్ళు, ఈమధ్య ఇంటింటా వెలిసిన పెంపుడు కుక్కలు. బల్లులు ఈ చిట్టాలోకి కొత్తగా ఎక్కాయి. వచ్చేది కూడా రోగం బాగా ముదిరాకే. పుల్లలా ఎండిపోయినా కదలకుండా అదే చోట కూర్చునే ప్రాణి అది. అది నీరసమో నిద్రో ఇంట్లోవాళ్ళకి తెలియదు.

బందరు నుంచి ఓ తండ్రి, ఆయన కూతురు స్కూటరు మీద తెచ్చిన కేసు నాకు బాగా గుర్తు. ఎలుకల కోసం బియ్యం డ్రమ్ము పక్కన పెట్టిన జిగురు అట్టకి ఇంటి బల్లి అతుక్కుపోయింది. పాప ఆ అట్టను రెండు చేతుల్తో పళ్ళెంలా పట్టుకుని వచ్చింది. లాగితే తోలు ఊడొస్తుంది. వంటనూనె చుక్కచుక్కగా వేస్తూ, దూది చుట్టిన పుల్లతో ఒక్కో వేలి కిందా జిగురు వదిలించాలి. వదిలిన చోట మైదా చల్లాలి, లేకపోతే మళ్ళీ అంటుకుంటుంది. సగం పని అయ్యేసరికి తోక తెగి అట్ట మీదే గిలగిల్లాడింది. పాప ఏడుపు లంకించుకుంది. తోక మళ్ళీ మొలుస్తుందమ్మా, కాకపోతే ఈసారి లోపల ఎముకలుండవు, మృదులాస్థి కడ్డీ ఉంటుంది అని చెప్పాను. ఏడుపు ఆపి, "అయితే దీన్ని నేను పెంచుకుంటానండీ, అద్దాల పెట్టె కొనమని నాన్నని అడుగుతా" అంది.

వద్దన్నాను. ఆ బల్లికి ఇల్లు ఉంది, వాళ్ళ ఇల్లే. ట్యూబులైటు వెనక ఏ సందులో పగలు దాక్కోవాలో, ఏ వేళకి పురుగులు మూగుతాయో దానికి తెలుసు. వేళ్ళకున్న నూనె, జిగురు పూర్తిగా వదిలేదాకా గోడ పట్టు దొరకదు కాబట్టి రాత్రికి గాలి ఆడే డబ్బాలో ఉంచి, మర్నాడు సాయంత్రం అదే గోడ దగ్గర వదలమన్నాను. జిగురు అట్ట మటుకు తీసేయమన్నాను. ఎలుకకైనా అది మంచి చావు కాదు.

అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ సంగతి వేరు. కూల్‌డ్రింకు సీసా పైభాగం కోసి అందులో ఓ పెద్ద బల్లిని కూరారు. రోగమేమీ లేదు. తూకం వేసి, "ఇది టోకే గెకో అని కాగితం మీద రాసివ్వండి సార్" అన్నారు. టోకే గెకోతో ఎయిడ్స్‌కి మందు చేస్తారని, బరువు ఇన్ని గ్రాములు దాటితే లక్షలు పలుకుతుందని ఎప్పటినుంచో ఒక పుకారు తిరుగుతోంది. అలాంటి మందు లేదు. ఆ పుకారు పుణ్యమా అని ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఆగ్నేయాసియాలోనూ ఆ జాతిని సంచులకొద్దీ పట్టి అమ్మారు. 2019లో దాన్ని, అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. మన దేశంలో పట్టడమూ అమ్మడమూ నేరం. అసలు వాళ్ళ దివిసీమలో ఆ జాతే లేదు. సీసాలో ఉన్నది మన చింతచెట్ల మీదా కొబ్బరి మానుల మీదా తిరిగే చెట్టుబల్లి. ఆ మాట వినగానే ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. ఎక్కడ పట్టారో ఆ చెట్టు మీదే చీకటి పడ్డాక వదలమని చెప్పి, ఫీజు అడగలేదు. అడిగినా ఇచ్చేలా లేరు.

ఇలాంటిదే ఇంకొకటి, తిరుమల నుంచి "బంగారు బల్లి" తెప్పించుకోవచ్చా అని అడిగేవాళ్ళు. శేషాచలం లాంటి తూర్పు కనుమల బండల సందుల్లో, నీటి చెమ్మ ఉండే చోట్ల బతికే జాతి అది. చాలాకాలం ఎవరికీ కనబడక, 1980ల్లో మళ్ళీ శాస్త్రవేత్తల కంటపడింది. చట్టం అటుంచండి, ఆ లోయను అద్దాల పెట్టెలో పెట్టడం ఎవరి తరం?

కాబట్టి ఇల్లు కట్టాల్సిన బల్లి ఏదంటే, మనిషి చేతుల మధ్యే పుట్టి, తిరిగి వెళ్ళే చోటు లేనిది. గుడివాడలో ఓ తల్లి బూట్ల అట్టపెట్టెలో తెచ్చిన లెపర్డ్ గెకో అలాంటిది.

"డాక్టరు గారూ, మావాడు హైదరాబాదు నుంచి పట్టుకొచ్చాడండీ. రూములో ఉండే స్నేహితుడు ఉద్యోగమొచ్చి పోతా పోతా దీన్ని వదిలేసి పోయాడంట. వీడికి జాలేసింది. పగలంతా పడుకుంటది, రాత్రంతా తిరుగుద్ది. అచ్చం మావాడే" అన్నారావిడ.

మచ్చల పసుపు చర్మం, రెప్పలున్న కళ్ళు. మన ఇంటి బల్లికి రెప్పలుండవు, నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది; ఇది రెప్ప వేస్తుంది. లావుగా ఉండాల్సిన తోక పెన్సిలులా ఉంది. కొవ్వు దాచుకునేది తోకలోనే కనుక, ఈ జాతికి తోక చూస్తే చాలు, తిండి ఎలా సాగుతోందో తెలిసిపోతుంది. రెండు వేళ్ళ చుట్టూ ఊడని పాత కుబుసం దారంలా బిగుసుకుని ఉంది. కింది దవడను చిటికెన వేలితో తాకితే రబ్బరులా వంగింది. ముందు కాళ్ళు దొడ్డి కాళ్ళయ్యాయి. తూచడానికి నా దగ్గరున్న త్రాసు మేకపిల్లలది. పక్క వీధి బంగారు కొట్టులో తూయించాం. 32 గ్రాములు.

కాల్షియం లోపం. పాలజ్వరం వచ్చి మెడ పక్కకి తిప్పుకుని కూలబడ్డ గేదెకి సీసాడు కాల్షియం నరంలోకి ఎక్కిస్తే, చాలాసార్లు మనం చెయ్యి కడుక్కునేలోపే లేచి నిలబడుతుంది. ఆ అలవాటున్న వాళ్ళకి ఈ బల్లి కేసు ఓపిక నేర్పుతుంది. గేదెకి రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. బల్లికి నెలల తరబడి రక్తం ఎముకల్లోంచి అప్పు తెచ్చుకుంటూ వస్తుంది, చివరికి ఎముకే మెత్తబడుతుంది. హైదరాబాదు గదిలో దానికి పెట్టింది ఎండు పురుగులు మాత్రమే. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పొడి అద్దకుండా పెడితే ఎంత తిన్నా లోటే. కాల్షియం చుక్కలు నోట్లో వేయడం, గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు నానబెట్టి కుబుసం తీయడం, గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపి ఎక్స్‌రే తీయించడం, ఇవన్నీ అయ్యాయి. కానీ మందు సగమే. మిగతా సగం అది ఉండే చోటు.

ఆవిడ మొదట అడిగిందీ చోటు గురించే. "కాల్వ గట్టున వదిలేస్తే బతకదాండీ?" బతకదు. దాని పుట్టిల్లు అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని ఎండు రాతి నేలలు. మన నల్లరేగడి బురదలో, పురుగుమందు కొట్టిన చేల మధ్య నాలుగు రోజులు ఉండలేదు. ఒకవేళ బతికినా, బయటి జాతిని మన గట్టు మీద వదలడం తప్పే. ఇంకో సంగతీ చెప్పాను. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ జాబితాలోని విదేశీ ప్రాణుల్ని పెంచేవాళ్ళు వాటిని నమోదు చేయించాలి. ఏ జాతి ఏ జాబితాలో ఉందో, చేతికొచ్చిన జంతువు ఎక్కడిదో, ముందు అటవీ శాఖ వారిని అడిగి కాగితం మీద పెట్టుకోవడం మంచిది.

తర్వాత ఆవిడ కాస్త గొంతు తగ్గించి, "పంచాంగంలో బల్లి మీద పడితే ఫలితాలుంటాయి గదండీ, దీనికీ అవేనా?" అన్నారు. దీని వేళ్ళకి అంటుకునే మెత్తలు లేవమ్మా, గోడే ఎక్కలేదు, మీద పడే ప్రశ్నే లేదన్నాను. ఆవిడకి అప్పుడు నిజంగా ధైర్యమొచ్చింది.

ఇక ఇల్లు. ఒంట్లో వేడి తనంతట తాను పుట్టించుకోలేని ప్రాణికి గది అంటే గోడలు కాదు, వెచ్చదనంలో తేడా. తిన్నది అరగాలంటే వెచ్చని చోటికి పోతుంది, చాలనుకుంటే చల్లని చోటికి జరుగుతుంది. పెట్టె మొత్తం ఒకే వేడిలో ఉంటే, ఆ వేడి ఎంత సరైనదైనా, దానికి జరిగే వీలు లేదు. అందుకే మూడడుగుల పొడవుండాలి, ఒకటిన్నర అడుగు వెడల్పు. వాళ్ళ పాత చేపల తొట్టి సరిగ్గా ఆ కొలతే. పైన మూత తీసేసి, కిటికీలకి కొట్టే దోమల మెష్ చట్రం బిగించమన్నాను. ఒక చివర నేల మీద కడప బండ ముక్క, దాని పైన చిన్న దీపం, దీపానికి థర్మోస్టాట్. థర్మోస్టాట్ లేకుండా వేడి పెట్టొద్దు. పొట్ట కింద కాలుతున్నా కదలకుండా పడుకుని ఒళ్ళు కాల్చుకునే ప్రాణులివి. బండ పైభాగం 32 డిగ్రీల ప్రాంతంలో, రెండో చివర 25 చుట్టూ ఉండాలి. కొలవడానికి వేరే పరికరం కొనక్కర్లేదు. కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టిన తుపాకీ థర్మామీటరు చాలా ఇళ్ళలో బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. దాన్ని ఒంటి కొలత నుంచి వస్తువుల కొలతకి మార్చుకుంటే సరి.

తొట్టిలోని ఇసుక తీసేయించాను. పురుగుతో పాటు ఇసుకా మింగితే పేగు పూడుకుపోతుంది. న్యూస్‌పేపరు చాలు, పెంట రోజూ కంటికి కనిపిస్తుంది కూడా. వెచ్చని చివర ఒక బెంగుళూరు పెంకు, చల్లని చివర ఇంకొకటి బోర్లించి రెండు గూళ్ళు. మధ్యలో ఐస్‌క్రీం డబ్బాకి కన్నం పెట్టి, తడిపి పిండిన కొబ్బరి పొట్టు వేస్తే మూడోది. కుబుసం విడిచే రోజుల్లో ఆ చెమ్మలోకి దూరుతుంది. అది ఉండి ఉంటే ఆ వేళ్ళకి ఉరి పడేది కాదు.

చలిదేశాల వాళ్ళ వీడియోలు చూసి మనవాళ్ళు తప్పటడుగు వేసేది గాలి దగ్గర. అక్కడ వేడి పోకుండా తొట్టి మూసిపెడతారు. మనకి బందరు సముద్రపు గాలిలోనే కావలసినంత తేమ. మూసిపెడితే పొట్టుకి బూజు, బల్లికి ఊపిరితిత్తుల జబ్బు. వేసవి ఇంకో తలనొప్పి. రోహిణి కార్తెలో గదే 35 దాటితే దీపం తీసేయాలి, తొట్టిని నడి ఇంట్లో నేల మీదికి దించాలి, గుడ్డ చుట్టిన ఐసు సీసా ఒక చివర పెట్టాలి. ఎండ మంచిదని గాజు తొట్టిని కిటికీలో పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఎముకకి పనికొచ్చే యూవీబీ కిరణాలు గాజులోంచి రావు, వేడి మాత్రం వచ్చి లోపల ఉడికిస్తుంది. యూవీబీకి తక్కువ తీవ్రత ఉండే ట్యూబు వేరే దొరుకుతుంది. లేదంటే పొడిలో డి3 విటమిన్ ఉండాలి. తుపానుకి కరెంటు పోతే కంగారు పడొద్దు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి చలిలో ఒకట్రెండు రోజులు వేడి లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న గెకో తట్టుకుంటుంది. ఆ రోజుల్లో తిండి పెట్టకుండా ఉంటే చాలు. చల్లబడ్డ ఒంట్లో పురుగు అరగదు, కడుపులోనే కుళ్ళుతుంది.

చీమల మాట ఏ పుస్తకంలోనూ చూడలేదు కానీ మన డెల్టాలో అది పెద్ద మాటే. తొట్టి పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టమన్నాను. తిండి బీరువాకి వాళ్ళ అత్తగారు అలానే పెట్టేవారట.

తిండికి పొలంలో మిడతల్ని పట్టొద్దు. వరి కోశాక వేసే మినుముకి కూడా మందు కొడతారు, ఆ విషం మిడత ద్వారా బల్లికి చేరుతుంది. మిణుగురుల్లో కొన్ని జాతులు సరీసృపాల్ని చంపేస్తాయి, కాబట్టి అవీ వద్దు. ప్లాస్టిక్ టబ్బులో గుడ్ల అట్టలు పెట్టి ఇలకోళ్ళని పెంచుకోవచ్చు. వాటికి తవుడు, మునగాకు. మునగాకులోని కాల్షియం అలా బల్లి కడుపులోకి పోతుంది. పురుగు బల్లి రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా పెద్దది కాకూడదు. మిగిలిపోయిన ఇలకోడిని రాత్రికి తొట్టిలో వదిలేస్తే అదే బల్లిని కొరుకుతుంది. ముట్టుకున్నాక సబ్బుతో చెయ్యి కడగాలి, ఇంట్లో అయిదేళ్ళ లోపు పిల్లలుంటే దగ్గరికి రానివ్వకూడదు. సాల్మొనెల్లా క్రిమి ఆరోగ్యంగా ఉన్న బల్లిలోనూ ఉంటుంది.

నెలలు గడిచాక దవడ గట్టిపడింది, తోక లావెక్కింది. కాళ్ళ వంకర మాత్రం పోలేదు, పోదు కూడా. పురుగు మీదికి దూకినప్పుడు ఒక్కోసారి గురి తప్పుతుంది. అందుకని ఆవిడ పట్టకారుతో అందిస్తున్నారు. ఇలకోళ్ళ అరుపుకి పక్కింటి వాళ్ళు గొణుగుతున్నారట. కొడుకు ఉద్యోగం హైదరాబాదులోనే, బల్లి మటుకు గుడివాడలో స్థిరపడింది.

"ఎన్నాళ్ళు బతుకుద్దండీ ఇది?" అని మొన్న అడిగారు. బాగా చూసుకుంటే 15 ఏళ్ళు, 20 కూడా అన్నాను.

ఆవిడ కాసేపు లెక్క వేసుకున్నారు. "అయితే సంబంధం మాట్లాడేటప్పుడే పిల్ల వాళ్ళకి చెప్పేయాలండీ" అన్నారు.