హీలియం డిస్కులో మన పాటలు దాచుకోవచ్చా?



వేసవి సెలవుల్లో ఊళ్లలో రికార్డు చేసిన పెద్దోళ్ల పాటలు, కథలు ఎక్కడ దాచాలనే మాట మన గ్రూపులో నడుస్తోంది కదా. కువిలో ఉన్నాయి, కోయలో ఉన్నాయి, ఆదివాసీ ఒడియాలో ఉన్నాయి. పాడినవాళ్లలో ఒక తాత ఈ వానల్లో చనిపోయాడు. ఆయన గొంతు ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేదు. "హీలియం నింపిన పెద్ద హార్డ్ డిస్కు కొందాం, సీలు వేసి ఉంటుంది, పాడవ్వదు" అని కొందరు అన్నలు రాశారు. మా హాస్టల్‌లో కంప్యూటర్లు చదివేవాళ్లం కూర్చుని దీని గురించి తెలుసుకున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాబట్టి ఇంట్లో అమ్మకి చెప్పినట్టే చెప్తాం.

హార్డ్ డిస్కు లోపల అద్దంలా నున్నటి పళ్లేలు నిమిషానికి 5,400, 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే హెడ్ వాటిని తాకదు. పళ్లెం తిరిగితే పుట్టే గాలి పొర మీద, కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. అందుకే మామూలు డిస్కుకి గాలి కావాలి. దానికి వడపోత పెట్టిన చిన్న రంధ్రం ఉంటుంది. సుమారు 3,000 మీటర్లు దాటితే గాలి పల్చబడి హెడ్ సరిగా తేలదు. మన ఆంధ్ర మన్యంలో ఎత్తైన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు, ఆ భయం మనకి లేదు.

మరి గాలితో చిక్కేంటి? గెడ్డలో మోకాల్లోతు నీళ్లలో పరిగెడితే నీరు కాళ్లని పట్టి లాగుతుంది కదా, అలాగే గాలి పళ్లేలని లాగుతుంది, ఊపుతుంది. హీలియం సాంద్రత గాలిలో ఏడో వంతే. లాగడం తగ్గుతుంది, కరెంటు తక్కువ పడుతుంది, పళ్లేలు పల్చగా చేసి దగ్గర దగ్గరగా పేర్చొచ్చు. 2013లో హెచ్‌జీఎస్‌టీ కంపెనీ తెచ్చిన మొదటి హీలియం డిస్కులో 7 పళ్లేలు, 6 టీబీ చోటు. అంతకుముందు అదే పెట్టెలో మామూలుగా 5 పళ్లేలే. అసలు ఏ వాయువూ లేకుండా ఖాళీ చేస్తే? హెడ్ తేలడానికి ఏమీ ఉండదు. హైడ్రోజన్ ఇంకా తేలిక, కానీ అంటుకుంటుంది.

ఇప్పుడు నష్టం వైపు చూద్దాం. హీలియం అణువు చాలా చిన్నది, సందు దొరికితే జారిపోతుంది. అందుకే మూతని లేజర్‌తో అతికి మూసేస్తారు, ధర పెరుగుతుంది. లోపల హీలియం ఎంత ఉందో చూసుకోవడానికి కొన్ని డిస్కుల్లో కొలత కూడా పెట్టారు. అసలు ఇబ్బంది వేరే. మామూలు డిస్కు చెడితే దుమ్ములేని గదిలో విప్పి, హెడ్ మార్చి ఫైళ్లు తీయొచ్చు. హీలియం డిస్కు మూత కోస్తే వాయువు పోతుంది. మళ్లీ నింపి చదవగలిగేవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. సీలు దుమ్మునీ ఆపుతుంది, బాగుచేసేవాణ్ణీ ఆపుతుంది. మోటారు చెడిపోకుండా మాత్రం ఆపదు. ఇలాంటి డిస్కులకి మామూలుగా ఇచ్చే వారంటీ 5 ఏళ్లు. ఆ తాత పాట ఐదేళ్ల కోసం పాడింది కాదు.

ఇంకో లెక్క చూడండి. 128 కేబీపీఎస్‌లో గంట ఆడియోకి సుమారు 58 ఎంబీ చాలు. అంటే 1 టీబీలో 17 వేల గంటలు పడతాయి. హీలియం పుట్టింది వేల డిస్కులు పెట్టుకునే డేటా సెంటర్ల అవసరానికి. మన అవసరం చోటు కాదు, పోకుండా ఉండటం.

అందుకని మా మాట ఇది. ఒక పెద్ద డిస్కు డబ్బుతో రెండు చిన్న మామూలు డిస్కులు కొందాం. ఒకటి హాస్టల్‌లో, ఒకటి ఊళ్లో ఉంచుదాం. మూడో కాపీ ఆన్‌లైన్‌లో పెడదాం. ఏడాదికోసారి తెరిచి విందాం, ఐదేళ్లకి కొత్త డిస్కులోకి మారుద్దాం. ప్రతి ఫైలుకి పాడినవాళ్ల పేరు, ఊరు, భాష రాయండి. ఊళ్లో కాపీ దాచే బాధ్యత ఎవరు తీసుకుంటారో కింద పేరు పెట్టండి.