పొరుగింటి వ్యాజ్యంలో సాక్ష్యం

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో సాక్ష్యాలకు ప్రత్యేకించిన అధ్యాయం ఒకటున్నది. పాతిక సంవత్సరాలకు పైగా మేము దానిని హైదరాబాద్ పాతనగరంలోని ఒక మదర్సాలో బోధిస్తున్నాము. 'హిదాయా' గ్రంథపాఠం ఆ అధ్యాయానికి చేరేసరికి విద్యార్థులు ఏటా ఒకే సందేహం వెలిబుచ్చుతారు. కుమారుని పక్షాన తండ్రి సాక్ష్యం ఎందుకు చెల్లదు? యజమాని పక్షాన జీతగాని సాక్ష్యం ఎందుకు చెల్లదు? వారు ఎంతటి సత్యవంతులైనా సరే, ఎందుకు తోసిపుచ్చాలి? సమాధానం సులభమే. లాభమున్న చోట అనుమానానికి తావుంటుంది. మన పండితులు దానిని 'తుహ్మత్' అన్నారు. వ్యాజ్యంతో ఏ లావాదేవీ లేనివాని మాటకే న్యాయమూర్తి ముందు ఎక్కువ బరువు.

పార్లమెంటులో ప్రాంతీయ పార్టీ సభ్యుని స్థితిని గురించి ఆలోచించినప్పుడల్లా మాకు ఈ అధ్యాయమే గుర్తుకు వస్తుంది. తన ఓటర్లను ఏ విధంగానూ తాకని చట్టమొకటి సభకు వచ్చిందనుకుందాం. ఆ సభ్యునికి అందులో పొలం లేదు, ఇల్లు లేదు, బంధువు లేడు. ధర్మశాస్త్రం కోరుకునే నిష్పాక్షిక సాక్షి అతడే కావలసింది. కానీ ఆచరణలో చాలాసార్లు జరుగుతున్నది దీనికి తలకిందులు. తన ప్రజలు లెక్క అడగని ఓటు గనుక, ఆ ఓటే అన్నిటికన్నా చౌకగా చేయి మారుతున్నది.

2019 ఆగస్టు 5, సోమవారం. బక్రీదుకు ఇంకా వారం రోజులున్నది. ఆ ఉదయం రాజ్యసభలో జమ్మూకశ్మీర్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ప్రవేశపెట్టారు. పొద్దుగుంకేసరికి 125–61 ఓట్లతో అది ఆమోదం పొందింది. మరునాడు లోక్‌సభలో 370–70. ఒక రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చడానికి రెండు రోజులు సరిపోయాయి. తెలుగు రాష్ట్రాలకు లోక్‌సభలో 42 స్థానాలున్నాయి. అప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్‌కు 22, తెలంగాణ రాష్ట్ర సమితికి 9, తెలుగుదేశానికి 3 ఉండేవి. ఇక్కడ ఒకరి నీడ ఒకరికి గిట్టని ఈ మూడు పార్టీలూ అక్కడ ఒకే మాట మీద నిలిచి బిల్లును సమర్థించాయి. బీజేపీ వారి 4 కూడా కలిపితే సమర్థించిన పక్షాల స్థానాలు 38. వ్యతిరేకించిన పక్షాలవి కాంగ్రెస్ 3, మజ్లిస్ 1. ఆ ఒక్కటీ మా హైదరాబాద్ స్థానం.

అందులో లద్దాఖ్‌ను కేంద్రపాలిత ప్రాంతంగా విడదీయడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. దాని చట్టబద్ధతను ఇక్కడ తిరగదోడటం మా ఉద్దేశం కాదు. శ్రీకాకుళం నుండో, ఖమ్మం నుండో వెళ్ళిన సభ్యుడు ఏమి చదివి, ఎవరిని విచారించి చేయి ఎత్తాడన్నదే మా ప్రశ్న. ఉదయం వచ్చిన బిల్లు సాయంత్రానికి ఓటింగుకు వస్తే చదవడానికి వ్యవధి ఎక్కడిది?

ఆ రోజులలో కశ్మీర్ లోయ నుండి వచ్చిన విద్యార్థి ఒకడు మా వద్ద చదువుకుంటుండేవాడు. బక్రీదు నాడు ఇంటివద్ద ఖుర్బానీ జరిగిందో లేదో అతనికి తెలియదు. తల్లి ఆరోగ్యం ఎలా ఉన్నదో తెలియదు. అక్కడ పోస్ట్‌పెయిడ్ ఫోన్లు మళ్ళీ పనిచేసింది అక్టోబరు 14న, అంటే 70 రోజులకు. ఒక రాత్రి ఇషా నమాజు తరువాత అతడు మమ్మల్ని అడిగాడు: "హజ్రత్, తెలుగువారికి మా మీద కోపమేమిటి?" కోపమేమీ లేదు బేటా, అన్నాము. అది నిజమే. కానీ అతనికి ఆ జవాబు ఊరటనిచ్చినట్లు కనబడలేదు. కోపంతో వేసిన ఓటైతే దానికొక కారణమైనా ఉండేది.

ఈ విషయంలో తెలుగువారి చరిత్ర మరీ విచిత్రమైనది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. లోక్‌సభలో ఆనాడు ప్రత్యక్ష ప్రసారం సైతం నిలిచిపోయింది. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం తెలుసుకోవాలే గానీ దానికి కట్టుబడవలసిన పని లేదు. ఆ అధికరణాన్ని మార్చాలని కోరుతూ 2013 చివరలో వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత ఇతర రాష్ట్రాల నాయకులను కలిసి వచ్చారు. మా శాసనసభ మాట వినకుండా మా ఇల్లు పంచుతారా అని ఆంధ్ర ప్రాంతమంతా వాపోయింది. ఐదేళ్ళు గడిచాయి. 2018 నవంబరులోనే రద్దయిపోయి, అభిప్రాయం చెప్పడానికి శాసనసభే లేని రాష్ట్రాన్ని పంచే వేళ ఆ పార్టీ ఓటు అవును అన్నది. తెలుగుదేశం ఓటూ అంతే.

అయితే ఇతరుల విషయంలో ఓటే వేయకూడదని మేమనడం లేదు. తెలంగాణకున్న 17 మంది లోక్‌సభ సభ్యుల బలంతోనే తెలంగాణ రాష్ట్రం ఏర్పడేదా? ఎక్కడెక్కడి పార్టీలో మద్దతు ఇచ్చాయి గనుకనే అది సాధ్యమైంది. బ్రిటన్‌లో ఈ చిక్కుకు ఒక పేరే ఉన్నది. స్కాట్లాండ్‌లోని వెస్ట్ లోథియన్ సభ్యుడు టామ్ డాల్యెల్ 1977లో దీనిని లేవనెత్తారు. 2004 జనవరిలో ఇంగ్లండ్ విద్యార్థుల ఫీజులు పెంచే బిల్లు 5 ఓట్ల తేడాతో గట్టెక్కినప్పుడు, ఆ ఫీజులు వర్తించని స్కాట్లాండ్ సభ్యుల ఓట్లే దానిని నిలబెట్టాయి. ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ ఓట్లు అనే నియమం 2015లో తెచ్చి 2021లో ఎత్తివేశారు. నియమాలతో తెగే చిక్కు కాదిది. దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 135వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులకు అప్పగించిన బాధ్యత, తమకే నష్టం కలిగినా న్యాయం పక్షాన సాక్షులుగా నిలవడం. తమకు నష్టమే లేని చోట ఇక సాకు ఏముంటుంది? దైవప్రవక్త (సఅసం) ఘోర పాపాలను వివరిస్తూ, అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే అప్పటివరకు ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చుని ఆ మాటను పదేపదే అన్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

పార్టీల వారు చెప్పే సమాధానం మాకు తెలియనిది కాదు. రాష్ట్రానికి నిధులు కావాలి, ప్రాజెక్టులు కావాలి, ఢిల్లీతో తగవెందుకు అంటారు. 2019 మే 26న ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ కాబోయే ముఖ్యమంత్రి ఆ లెక్కను దాచకుండానే చెప్పారు. బీజేపీ 250 సీట్ల దగ్గర ఆగి ఉంటే కేంద్రాన్ని ఇంతగా ఆశ్రయించవలసి వచ్చేది కాదన్నది ఆ మాటల సారాంశం. ఆశ్రయించారు, ప్రత్యేక హోదా మాత్రం రాలేదు. మేము ఎవరి మనసులోకీ తొంగిచూడలేము. జీతగాని సాక్ష్యాన్ని ధర్మశాస్త్రం ఎందుకు తోసిపుచ్చిందో మాత్రం ఇటువంటి మాటలు విన్నప్పుడు బాగా బోధపడుతుంది.

దూరమనుకున్నది ఎంతో కాలం దూరంగా ఉండదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లు వచ్చింది. చట్టం మాటల ప్రకారం అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి వచ్చినవారికి సంబంధించినది. ఆంధ్రకు ఏమి సంబంధం అనుకున్నారు కాబోలు, వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం మద్దతు ఇచ్చాయి. తెలంగాణ రాష్ట్ర సమితి వ్యతిరేకించింది. డిసెంబరు 11న రాజ్యసభలో 125–105 ఓట్లతో బిల్లు నెగ్గింది. తమిళనాడు అన్నాడీఎంకే కూటమి 11 ఓట్లు అటు నుండి ఇటు మారి ఉంటే లెక్క 114–116 అయ్యేది. రెండు వారాలైనా గడవకముందే, డిసెంబరు 23న, కడపలో ముస్లింల ఆందోళనకు జవాబుగా జాతీయ పౌర పట్టికను అంగీకరించబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. 2020 జూన్‌లో ఆ పట్టికకు వ్యతిరేకంగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానమూ చేసింది.

తన వాళ్ళను తాకే చట్టమైతే పార్టీకి చదవడం వస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన వక్ఫ్ సవరణ బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్ళింది. తాము కోరిన మూడు సవరణలు అందులో చేరాయని తెలుగుదేశం నాయకులే చెప్పుకున్నారు. ఆ సవరణలు మనకు చాలలేదన్నది వేరే మాట. కలెక్టరు అధికారమెంత, పత్రాల గడువెంత అని ఒక్కొక్క నిబంధన పట్టుకుని మాట్లాడగలిగారు కదా! 2025 ఏప్రిల్ 3 అర్ధరాత్రి దాటాక లోక్‌సభలో అది 288–232తో నెగ్గింది. తెలుగుదేశానికి 16 మంది, బీహారు జేడీయూకు 12 మంది సభ్యులున్నారు. ఆ 28 ఓట్లూ అటు నుండి ఇటు మారి ఉంటే, కాగితం మీద లెక్క 260–260.

రంజాన్ వచ్చిందంటే మా శాలిబండ, యాకుత్‌పురా వీధులలోనూ, జిల్లా పట్టణాలలోనూ నాయకులు టోపీ ధరించి ఇఫ్తార్ విందులకు వస్తారు. మనవాళ్ళు వారిని వక్ఫ్ భూముల గురించి, రిజర్వేషన్ల గురించి అడుగుతారు. అడగవలసిందే. దానితోపాటు మరొక్క ప్రశ్న అడగాలని మేము మా విద్యార్థుల తండ్రులకు చెబుతున్నాము. మణిపూర్‌దో, లద్దాఖ్‌దో, అస్సాందో బిల్లు సభకు వచ్చినప్పుడు మీ పార్టీ అక్కడివారిలో ఎవరినైనా పిలిచి విన్నదా? మొన్నటి ఇఫ్తార్‌లో ఒక పెద్దమనిషి నిజంగానే అడిగాడట. వచ్చిన నాయకుడు ఖర్జూరం చేతిలో పట్టుకుని, "అది మన రాష్ట్రం విషయం కాదు కదా భాయ్" అన్నాడట.