పాత కారుకి కొత్త చలవ!

బెజవాడని 'బ్లేజ్‌వాడ' అని ఊరికే అన్నారా! మే నెల మిట్టమధ్యాహ్నం ఏసీ పనిచేయని కారెక్కితే ఆవిరి కుడుముల గిన్నెలో కూర్చున్నట్టే. అలాగని నాన్న ముచ్చటపడి కొన్న పాత మారుతీని అమ్మడానికి మనసొప్పదు. కొత్తది కొనడానికి జేబు ఒప్పదు. అలాంటివాళ్లు చివరికి చేరే చోటు... ఆటోనగర్.

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద కాస్త ముందుకెళితే చాలు, సుత్తి దెబ్బల చప్పుడే దారి చూపిస్తుంది. 1960లలో పుట్టిన ఈ వాడలో ఒకచోట లారీలకు బాడీలు కడుతుంటారు, మరోచోట పాత బండ్లను విప్పి విడిభాగాలు అమ్ముతుంటారు. వాటి మధ్యే చిన్న షెడ్డు. లోపల లేత నీలం రంగు సిలిండరు, ఎర్ర, నీలం గొట్టాలు వేలాడే గేజీలు కనిపించాయంటే అది కారు ఏసీ మెకానిక్ దుకాణమే.

ఆ గ్యాసుకు కాలం చెల్లింది
ఒకప్పటి ఏసీ కార్లలో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. ఓజోన్ పొరను దెబ్బతీసే ఇలాంటి వాయువులకు కళ్లెం వేస్తూ 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. 2010 నాటికి కార్ల కోసం ఆర్-12 తయారీ ఆగిపోయింది. కాబట్టి అలాంటి పాత కార్లను ఆర్-134ఎకి మార్చుకోవాల్సిందే. ఇది ఓజోన్ జోలికి పోదు, కానీ భూమిని వేడెక్కిస్తుంది. అందుకే పాతదైనా కొత్తదైనా గ్యాసును గాల్లోకి వదలకుండా సిలిండరులోకి పట్టించమనండి.

చిల్లు కుండలో నీళ్లు
పెట్రోలులా ఏసీ గ్యాసు ఖర్చయిపోదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. అది చూడకుండా ఏటా వేసవిలో గ్యాసు ఎక్కించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. మంచి మెకానిక్ ముందు నైట్రోజన్ నింపి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలొస్తాయేమో చూస్తాడు. అంతకన్నా ముందు బెల్టు, ఫ్యూజు, ఫ్యాను సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఒక్కోసారి ముందు గ్రిల్లు వెనకుండే కండెన్సర్‌కి పట్టిన దుమ్మును నీళ్లతో కడిగితేనే చలవ తిరిగొస్తుంది!

ఎక్కడ పొదుపు, ఎక్కడ కాదు
కంప్రెసర్, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ బాగుంటే మార్చక్కర్లేదు. అసలైన పొదుపు అక్కడే. ఆయిల్ సంగతి మాత్రం వేరు. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ కొత్త గ్యాసులో కలవదు. అలాగే వదిలేస్తే కంప్రెసర్‌కి ఆయిల్ అందక బిగుసుకుపోతుంది. కాబట్టి పాతది తీసేసి, గొట్టాలు శుభ్రం చేయించి, ఎస్టర్ ఆయిల్ పోయించాలి. రబ్బరు ఓరింగులు, డ్రయ్యర్ కొత్తవి వేయించాలి. ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ వస్తువు ఏది కొన్నా డ్రయ్యర్ మాత్రం కొనొద్దు. తేమను పీల్చడమే దాని పని. విప్పి బయటపెట్టినది గాల్లోని తేమను అప్పటికే తాగేసి ఉంటుంది.

ఆ తరవాత కనీసం అరగంట వాక్యూమ్ పంపు నడిపి గాలినీ తేమనూ లాగేయాలి. గ్యాసు కూడా పాత కొలతలో 80 నుంచి 90 శాతమే నింపాలి. ఎక్కువైతే ప్రెషర్ పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది. అన్నీ చేశాక కూడా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు చల్లగా లేకపోతే అప్పుడు కొత్తరకం ప్యారలల్ ఫ్లో కండెన్సర్ గురించి ఆలోచించొచ్చు.

చవగ్గా అయిపోతుందని ఎవరైనా వంటగ్యాసు ఎక్కిస్తామంటే అక్కడినుంచి వచ్చేయండి. కాయిల్ లీకైతే ఆ గ్యాసు చేరేది పిల్లలు కూర్చునే చోటికే. ఒక్క నిప్పురవ్వ చాలు!

బిల్లు కట్టేముందు మూడే ప్రశ్నలు వేయండి. లీకు ఎక్కడ దొరికింది? డ్రయ్యర్ మార్చారా? వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు? జవాబులు తడుముకోకుండా వస్తే, ఏ గ్యాసు, ఎంత నింపారో చీటీ మీద రాయించి బానెట్ కింద అంటించమనండి. వచ్చే వేసవిలో మరో మెకానిక్ చేతికి వెళ్లినా మీ కారుకి పొరపాటున వేరే గ్యాసు ఎక్కదు!